మేకు బెజ్జాల బల్ల

మా ఇంట్లో ఒక బల్ల ఉంది. 1980లో చేసింది. ముదురు గోధుమరంగు చెక్క, దాని మీద నాలుగు చోట్ల అంగుళం చదరపు బిళ్లలు, లేత పసుపు రంగులో. ఇంటికొచ్చినవాళ్లు చేత్తో తడిమి "డిజైన్ బాగుందండీ" అంటారు. అది డిజైన్ కాదు. ఒకప్పుడు రైలు పట్టాని బిగించి పట్టుకున్న మేకుల బెజ్జాలు అవి.

మాది బిట్రగుంట. నెల్లూరు నుంచి విజయవాడ వైపు వెళ్తుంటే కావలికి ముందు వస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు ఉన్న ఊరు. నాయన ఆ షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చాక చేతులు ఎంత తోమినా గోళ్ల చుట్టూ నల్ల గీత పోయేది కాదు. మా క్వార్టర్‌లో రెండు గదులు, ఒక వరండా. నేను నేల మీద బోర్లా పడుకునో, ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకునో చదివేవాణ్ణి. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు వస్తున్నాయని అమ్మకి టెన్షన్. పిల్లోడికి ఒక బల్ల కావాలని రోజూ నాయన చెవిలో పోరేది.

లైన్ల మీద, పట్టాల కింద అడ్డంగా వేసే పాత చెక్క స్లీపర్లు తీసేసి కాంక్రీటువి వేస్తున్న రోజులవి. తీసేసినవి పొయ్యికట్టెల కింద స్టాఫుకి తక్కువ ధరకి ఇచ్చేవాళ్లు. నాయన రెండు స్లీపర్లు కొని బండి మీద వేయించుకొచ్చాడు. 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం. ఇద్దరు మనుషులు పట్టినా నడుం వంగిపోయే బరువు. ఎండకీ వానకీ పైన బూడిదరంగుకి తిరిగి, ఎండిన చెరువులా పగుళ్లు, ఆ పగుళ్లలో కంకర నలుసులు. నాయన గొడ్డలి తెచ్చుకున్నాడు.

పక్క క్వార్టర్ మామ అది చూసి గోడ దూకి వచ్చాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన నాయనని బావా అనేవాడు, అంతేగానీ చుట్టరికం లేదు. బోగీలకీ వ్యాగన్లకీ చెక్కపని చేసే రైల్వే వడ్రంగి ఆయన. గొడ్డలి నాయన చేతిలోంచి తీసేసుకుని, స్లీపరు చివర ఉలితో ఒక పెచ్చు లేపాడు. లోపల కొత్త ఇటుక రంగు.

"సాలు కర్ర బావా. ఎన్నేళ్లు ఎండిందో. దీన్ని పొయ్యిలో పెడతావా?" సాలంటే గుగ్గిలం చెట్టు.

మరుసటి ఆదివారం నుంచి మా పెరడు వడ్రంగి కొట్టం అయిపోయింది.

కావలిలో కోత మిల్లువాళ్లు స్లీపరు అనగానే వద్దన్నారు. లోపల మేకు ముక్క ఇరుక్కుని ఉంటే మిల్లు రంపం పళ్లు పోతాయి. వాళ్ల భయం న్యాయమైందే. అందుకని ముందు మేకులన్నీ గునపంతో పెకలించి, పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చి కర్ర పొడుగునా జరిపించాడు మామ. ఎక్కడైనా చెయ్యి లాగినట్టయితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టడం నా పని. తర్వాత ఇనప బ్రష్షుతో కంకర గీకడం. తర్వాత చేతికోత మనుషులు ఇద్దరు వచ్చారు. కర్రని ఏటవాలుగా నిలబెట్టి, ఒకాయన పైన నిలబడి, ఒకాయన కింద కూర్చుని, పొడవాటి రంపాన్ని ఇద్దరూ లాగుతుంటే రంపపు పొట్టు కింద ఆయన తలపాగా మీద ఎర్రగా రాలేది. గీత గీయడానికి స్కేలు వాడలేదు. బొగ్గుపొడి నీళ్లలో ముంచిన దారాన్ని రెండు చివరలా బిగపట్టి, మధ్యలో పైకి లాగి వదిలితే టప్‌మని 9 అడుగుల గీత ఒక్క దెబ్బకి పడేది. ఆ టప్ శబ్దం కోసం నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. ఒక్క స్లీపరుని నాలుగు పలకలు చెయ్యడానికి రోజున్నర పట్టింది.

చిత్రిక పట్టేటప్పుడు తెలిసింది ఆ కర్ర మొండితనం. టేకులో నార ఒక దారిన పోతుంది. సాలులో ఒక పొర ఇటు, పక్క పొర అటు. ఇటునుంచి తోస్తే నున్నగా వచ్చే చోటికి అరంగుళం అవతల పెచ్చులు లేస్తాయి. మామ పది తోపులు తోసి ఆపేవాడు, చిత్రిక బ్లేడు తీసి సానరాయి మీద నీళ్లు చల్లి నూరేవాడు, మళ్లీ పది తోపులు. సగం పొద్దు సాన దగ్గరే గడిచేది. నాకు విసుగొచ్చేది. పదును లేని పనిముట్టుతో బలం పెడితేనే వేళ్లు తెగుతాయని ఆయన తన ఎడమ బొటనవేలు చూపించాడు. దాని చివర కొంచెం లేదు.

కొలత తీసుకున్న పద్ధతి మాత్రం ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి "చేతులు వదిలెయ్యి అబ్బయా" అన్నాడు. మోచేతి కింద టేపు పెట్టి చూశాడు. తర్వాత నాయనని కూర్చోబెట్టి చూశాడు. బల్ల ఎత్తు నాయన కొలతకే, 30 అంగుళాలకి చేశాడు. నాకు పొడుగవుతుంది కదా అంటే, స్టూలు ఎత్తు పెంచి, కాళ్లు గాల్లో వేలాడకుండా అడుగున పాదాలు ఆనించుకోవడానికి ఒక అడ్డపట్టీ పెట్టాడు. నేను పొడుగయ్యేకొద్దీ ఆ పట్టీని కిందికి దించుకోవచ్చు. దానికోసం రెండు కాళ్లకీ నిచ్చెనలా మూడేసి బెజ్జాలు ముందే తొలిచి ఉంచాడు.

ఇనప మేకు ఒక్కటి కూడా వాడలేదు. పట్టీ చివర నాలుకలా చెక్కి, కాలులో దానికి సరిపడా బెజ్జం తొలిచి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే దిగేట్టు బిగించాడు. పైనుంచి అడ్డంగా వెదురు మేకు. నాలుక ఒక నూలు లావయితే కాలు పగులుతుంది, ఒక నూలు సన్నమయితే బల్ల ఊగుతుంది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నూలు అన్న మాట నేను మొదట విన్నది ఆయన దగ్గరే. పైపలకలు రెండూ అంచుకి అంచు కలపడానికి మాత్రం వజ్రం వాడాడు. వజ్రమంటే పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే వడ్రంగి జిగురు. ఫెవికాల్ అప్పటికి దొరుకుతోంది కానీ ఆయనకి చేతి అలవాటు వజ్రమే. ఒక డబ్బాలో వజ్రం, దాన్ని నీళ్ల గిన్నెలో పెట్టి ఉడికిస్తుంటే వచ్చే వాసనకి అమ్మ వంటింటి తలుపు మూసేసుకుంది.

పైపలకలో మేకు బెజ్జాలు నాలుగు వచ్చాయి. రంపపు పొట్టు జిగురులో కలిపి పూడ్చేస్తే కనపడదు కదా అన్నాడు నాయన. మామ ఒప్పుకోలేదు. పాత బోగీ కిటికీ చట్రంలోది ఒక టేకు ముక్క ఉంటే దాన్ని నాలుగు బిళ్లలు కోసి, ఒక్కోదాన్ని దాని బెజ్జానికి తగ్గట్టు అరగదీసి, బిళ్ల నార పలక నార ఒకే దిక్కుకి ఉండేట్టు చూసి దిగ్గొట్టాడు. "ఈ కర్ర ఎక్కడ పనిచేసిందో తెలియాలి బావా" అన్నాడు. నాయన ఇంకేం మాట్లాడలేదు.

నేను ఆ బల్ల మీదే ఏడు, పది పాసయ్యాను. పట్టీ రెండుసార్లు కిందికి దిగింది.

1984 నవంబరు. నెల్లూరు జిల్లాలో ఆ ఏడాది తుపాను చూసినవాళ్లెవరూ దాన్ని మర్చిపోరు. నేను కావలిలో ఇంటర్ చదువుతున్నాను. ఆ రాత్రి మా క్వార్టర్ మీద పెంకులు లేచిపోయాయి. బియ్యం, పుస్తకాలు, అవ్వ, అన్నీ ఆ బల్ల మీదికే చేరాయి. పైన గోనెపట్టా కప్పాం. అవ్వ తెల్లారేదాకా బల్ల మీద ముడుచుకుని కూర్చుని రామనామం చదువుకుంది. మేం మోకాలి కింది దాకా నీళ్లలో నిలబడ్డాం.

మూడు రోజులకి నీళ్లు తీశాయి. నాలుగో రోజు బల్లని పక్కకి జరపబోతే పైపలక మధ్యలో విడిపోయింది. వజ్రం నీళ్లకి కరుగుతుంది, మళ్లీ మెత్తని జిగురయిపోయింది. వెదురు మేకులు తీయకుండానే కాళ్లు వదులయ్యాయి. చట్రం విరగలేదు, కర్ర పగల్లేదు, అతుకులే వదిలేశాయి.

మామ అప్పటికి రిటైరయి ఉదయగిరి పక్క సొంతూరు వెళ్లిపోయాడు. చెక్క గరిటెలకి పేరున్న ఉదయగిరే. నేను ఆయనకి ఇన్లాండ్ లెటర్ రాశాను. పది రోజులకి జవాబొచ్చింది. పెన్సిల్‌తో రాసింది, సగం అక్షరాలు, సగం బొమ్మలు. ఎండలో పెట్టొద్దు, ఒక పక్క ముందు ఎండి వంగిపోతుంది. వరండాలో నీడన, అడుగున కర్రముక్కలు పెట్టి పలకకీ పలకకీ మధ్య గాలి ఆడేట్టు నెల రోజులు ఉంచు. పాత జిగురంతా వేడినీళ్లతో గీకెయ్యి. పైపలకకి ఇప్పుడు ఫెవికాల్ వాడు. చట్రానికి జిగురే వద్దు, వెదురు మేకులు కొత్తవి చాలు, రేపెప్పుడైనా విప్పుకోవచ్చు. చివర్లో పెద్ద అక్షరాలతో "తొందరపడొద్దు" అని ఉంది.

నేను సొంతంగా చేసిన మొదటి చెక్కపని అదే. పలకల అంచులు రెండూ కలిపి వెనక లాంతరు పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. నాకు వచ్చింది. మళ్లీ చిత్రిక, మళ్లీ లాంతరు. ఆరు సాయంత్రాలు పోయాయి. ఏడో సాయంత్రం సందు చీకటి అయింది. అప్పుడు కలిగిన సంతోషం తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదంటే నమ్మండి. బిగించడానికి క్లాంపులు లేవు. పలకల చుట్టూ నీళ్లబావి చేంతాడు చుట్టి, తాడులో రోకలి దూర్చి మెలిపెట్టి, రాత్రంతా అలాగే వదిలేశాను. తెల్లారి తాడు విప్పి పలకని వేళ్లతో కొట్టి చూస్తే ఒకటే కర్ర మోగినట్టు మోగింది.

నాలుగు బిళ్లల్లో ఒక్కటి మాత్రం సరిగా కూర్చోలేదు. కుడిచేతి వైపు వెనకది. దాని జిగురూ నీళ్లకి పోయింది, నేను గమనించకుండా వదిలేశాను. బొటనవేలితో నొక్కితే టిక్‌మని కిందికి దిగి, వదిలితే పైకి వచ్చేది. లెక్కలు చేస్తూ దాన్ని నొక్కడం నాకు అలవాటయిపోయింది.

తర్వాత నేను చదువుకని తిరుపతి వెళ్లాను. బల్ల అక్క చేతికి వెళ్లింది. అక్క జాకెట్లు కుట్టేది. చేతిమిషను బల్ల మట్టానికి కూర్చుంటే గుడ్డ జారుడుగా వెళ్తుందని, పైపలకలో మిషను అడుగు పట్టేంత కన్నం కోసి ఇమ్మంది. నాకు కొయ్యబుద్ధి కాలేదు. రెండు సెలవులు వాయిదా వేశాను. మూడోసారి అక్క "అది నీ చదువు బల్ల అయితే నా కూడు బల్ల కూడా కదరా" అంది. ఆ సాయంత్రమే కోశాను. కోసిన ముక్కని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను.

1992లో ఉదయగిరి వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు మామని చూశాను. మంచం మీద ఉన్నాడు. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక అడిగిన మొదటి మాట "బల్ల ఊగుతోందా?" అని. ఊగడం లేదు మామా అన్నాను. కన్నం కోసిన సంగతి కూడా చెప్పాను. అడ్డపట్టీకి ఎంత దూరంలో కోశావు అని అడిగాడు. చెప్పాను. అయితే పర్లేదు అన్నాడు.

హైదరాబాద్‌లో కాపురం పెట్టిన కొత్తలో అందరిలాగే బజారు సామానే కొన్నాం. ఒక పుస్తకాల రాక్ కొన్నాను, తళతళలాడే టేకు రంగు. రెండో వానాకాలం కిటికీ జల్లు పడి దాని అడుగు అట్టలా ఉబ్బిపోయింది. విప్పి చూస్తే లోపల చెక్క లేదు, పొట్టుని జిగురుతో అదిమిన బోర్డు, పైన చెక్కబొమ్మ అచ్చేసిన కాయితం. మూడు రోజులు నీళ్లలో నానిన బల్లని మళ్లీ నిలబెట్టినవాణ్ణి నేను. దీన్ని ఏమీ చెయ్యలేకపోయాను. స్క్రూ పట్టిన చోట పొట్టు రాలిపోతుంటే మళ్లీ పట్టేదేముంది? ఆ వారమే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి రెండు ఉలులు, ఒక చిత్రిక, ఒక సానరాయి, ఒక మూలమట్టం కొన్నాను.

మా బాల్కనీ 9 అడుగులు బై 4 అడుగులు. అందులోనే నా కొట్టం. కింది ఫ్లాట్ పెద్దాయన చప్పుడు అవుతోందన్నారు. ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా మాత్రమే సుత్తి వాడతానని మాట ఇచ్చాను, ఇప్పటికీ అంతే. కర్ర ఎక్కువగా పాత ఇళ్లు కూల్చిన చోట కొంటాను. పాత గుమ్మాలు, కిటికీ రెక్కలు. వాటిలో చేవ, అంటే నడిమి గట్టి చెక్క తప్ప ఏమీ మిగిలి ఉండదు. తెల్లచెక్క ఉంటే ఈపాటికి పురుగు తినేసి ఉండేది.

చేసినవాటిలో నాకు చాలా ఇష్టమైనవి అమ్మ పీటలు. మొదట 4 అంగుళాల ఎత్తు వేపచెక్క పీట చేశాను, కత్తిపీట ముందు కూర్చోవడానికి. కొన్నేళ్లకి దాని మీంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. 9 అంగుళాలది చేశాను. తర్వాత 14. కత్తిపీటకి కూడా కింద దిమ్మ చేసి ఎత్తు పెంచాను, లేకపోతే వంగాలి కదా. చివరికి 18 అంగుళాల ఎత్తు, రెండు పక్కలా పట్టుకుని లేవడానికి చేతులు, వెనక ఆనుకోవడానికి పలక. అంటే అది కుర్చీయే. అమ్మ మాత్రం దాన్ని పీట అనే పిలిచింది. "నా పీట ఇటు జరుపు" అనేది. అమ్మ పోయి ఎనిమిదేళ్లయింది. ఆ నాలుగూ వరసగా పూజగది పక్కనే ఉన్నాయి.

చాలా కష్టపెట్టింది వ్యాసపీఠం, పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుకునేది. ఒకే పలకలోంచి తీయాలి, మేకు ఉండదు, జిగురు ఉండదు, మడతబందు ఉండదు. మధ్యలో వేళ్లలో వేళ్లు దూర్చినట్టు కణుపులు చెక్కి, రెండు చివరల నుంచీ పలక మందాన్ని సగానికి చీల్చుకుంటూ కణుపుల దాకా రావాలి. అప్పుడు తెరిస్తే గుణకారం గుర్తులా విచ్చుకుంటుంది. మొదటిసారి రంపం పక్కకి పోయి పలక పైకి తేలింది. రెండోసారి కణుపుల గుండ్రం లోపలిదాకా చెక్కకుండా తెరవబోయాను, ఠప్‌మని చీలింది. మూడోసారి ప్రతి కణుపు వెనకా సన్న ఉలితో పావుగంట పావుగంట కూర్చున్నాను. తెరిచినప్పుడు కిర్రుమని ఒక చిన్న శబ్దం చేసి విచ్చుకుంది. అవిసె నూనె పట్టించి నాయనకి ఇచ్చాను. పోయేదాకా భాగవతం దాని మీదే చదువుకున్నాడు.

నాయన పోయాక, అప్పటికి మావాళ్లు ఉంటున్న కావలి ఇల్లు ఖాళీ చేశాం. బల్లని ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. నేను వెదురు మేకులు ఒక్కొక్కటే వెనకనుంచి తట్టి తీశాను. చట్రానికి జిగురు లేదు కదా, పావుగంటలో కాళ్లు, పట్టీలు, సొరుగు, పైపలక విడివిడిగా వచ్చేశాయి. గోనెసంచుల్లో కట్టి పార్సిల్ బుక్ చేశాను. ఎన్నో ఏళ్లు రైళ్లని మోసిన కర్ర ఆ రోజు రైలెక్కింది.

అటక మీది ముక్క కూడా దొరికింది. మిషను కన్నంలో దాన్ని తిరిగి పెట్టబోతే రంపం తినేసినంత సందు చుట్టూ మిగిలింది. ఆ సందులో సన్నటి టేకు బద్దలు దూర్చి అంటించాను. కాబట్టి ఇప్పుడు బిళ్లలతో పాటు ఒక పసుపు చట్రం కూడా ఉంది బల్ల మీద. చిత్రిక పట్టి ఉప్పుకాగితంతో రుద్దితే, 25 ఏళ్ల మసీ నూనే సిరా మరకలూ పోయి మళ్లీ ఆ ఇటుక రంగు బయటికొచ్చింది. అక్క చూడ్డానికి వచ్చి ఆ చట్రం చుట్టూ వేలితో గీస్తూ చాలాసేపు నిలబడింది.

2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయి ఆఫీసు ఇంటికొచ్చేసింది. మంచం మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెడనొప్పి తెచ్చుకుంది. బల్ల నీకే తీసుకో అన్నాను. కుర్చీలో కూర్చోబెట్టి "చేతులు వదిలెయ్యమ్మా" అని మోచేతి కింద టేపు పెట్టాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. సగం సేపు నిలబడి పనిచెయ్యాలి నాన్నా, నడుం పట్టేస్తోంది అంది. నాలుగు కాళ్లకీ తొడగడానికి 12 అంగుళాల ఎత్తు చెక్క జోళ్లు చేశాను, అడుగున దిమ్మ, పైన కాలు దిగి కూర్చునే గూడు. పొద్దున తొడుగుతాం, మధ్యాహ్నం తీసేస్తాం. ఇద్దరు పట్టాలి. ఒక చివర నేను, ఒక చివర అమ్మాయి.

మిగిలింది వైర్ల గొడవ. ఛార్జరు, మానిటరు, ఇయర్‌ఫోన్లు, అన్నీ అంచు మీంచి వేలాడుతున్నాయి. పైపలకకి కన్నం పెట్టమంది. సాలు కర్రకి డ్రిల్లు పెడితే బిట్టు కాలి పొగ వస్తుంది, అయినా పెడదామనే బిట్లు వెతుకుతున్నాను. బాల్కనీలో ఉండగా లోపలినుంచి టిక్, టిక్ అని వినపడింది. వెళ్లి చూస్తే మీటింగులో ఎవరో మాట్లాడుతుంటే వింటూ కుడివైపు వెనక బిళ్లని బొటనవేలితో నొక్కుతోంది.

మీటింగ్ అయ్యాక బల్ల కిందికి దూరి చూసింది. "నాన్నా, ఇది కిందికంటా ఉంది. ఊడుతుందా?"

కింద నుంచి ఉలి పిడితో ఒక్క దెబ్బ తట్టాను. బిళ్ల పైకి లేచి చేతిలోకి వచ్చింది. ఒక పక్క బొటనవేలు పట్టేంత పల్లం పడి నున్నగా ఉంది. బెజ్జం గోడలు మాత్రం ఇంకా నల్లగా, ఇనప తుప్పు పట్టి అలాగే ఉన్నాయి. అమ్మాయి మూడు వైర్లూ ఒకదాని తర్వాత ఒకటి అందులోంచి కిందికి వదిలింది. నేను కింద కూర్చుని అందుకున్నాను.